ఉప్పు వెయ్యని చేప

"ఏయ్, ఎవరు నువ్వు? ఏం పెడుతున్నావు దానికి?"

మెర్సీ కేకకి, గేటు బయట కూర్చున్న ముసలామె చెయ్యి వెనక్కి లాక్కుంది.

అప్పటికే ఊచల మధ్య నుంచి ఓ చేపముక్క పిల్లి నోట్లోకి వెళ్ళిపోయింది.

"ఉడకేసిన చేపేనమ్మా. ఉప్పెయ్యలేదు."

"దానికి షుగరుంది. రెండు పూటలా ఇన్సులిన్ ఇస్తున్నాను. ఎవరు పడితే వాళ్ళు ఏది పడితే అది పెడితే చచ్చిపోతుంది."

"ఆయ్," అంది ముసలామె. చేపల గంప నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

మెర్సీ నరసాపురంలో నర్సు. జర్మనీలో ఉద్యోగం వచ్చింది.

తల్లి పోయాక ఆమెకి మిగిలింది ఆ పిల్లి ఒక్కటే. రెండేళ్ళ కిందట వాన పడుతున్న ఓ పొద్దున, గేటు లోపల ఒణుకుతూ కనబడింది. చేరదీసింది. బైబిల్లో రూతులాగే తను ఎక్కడికి వెళితే అక్కడికి వస్తుందని, రూతు అని పేరు పెట్టింది.

దాన్నీ జర్మనీ తీసుకెళ్తానంటే వీధి వీధంతా నవ్వింది.

"మనుషులకే వీసాలు దొరక్క ఏడుస్తుంటే, రోగిష్టి పిల్లికి విమానమా అండి?" అంది ఇంటి ఓనరు సూర్యకళ. "కాలవ గట్టున వదిలేయండి. అదే బతుకుద్ది."

"బతకదండి."

"పోతే ఇంకోటి. పిల్లులకేం కరువా?"

ఇలాంటివాళ్ళకి బదులు చెప్పడం దండగ అనుకుంది మెర్సీ.

పిల్లికి గుర్తింపు చిప్ వేయించింది. టీకాలు వేయించింది. రక్తపరీక్ష రిపోర్టు తెప్పించింది. ఇక మిగిలింది ఒక్కటే. విమానం ఎక్కించవచ్చని పశువుల డాక్టరు చూసి సంతకం పెట్టాలి.

సూట్‌కేసులు బయటికి తీసిన రోజు నుంచి రూతు తిండి మానేసింది.

తినకుండా ఇన్సులిన్ ఇస్తే ప్రమాదం. ఇవ్వకపోతే పిల్లి దక్కదు.

"ఇలాగే ఉంటే సంతకం పెట్టనండి," అనేశాడు డాక్టరు.

ఆ సాయంత్రం గేటు దగ్గర మళ్ళీ ఆ ముసలామె.

"తింటల్లేదామ్మా?"

"నీకెలా తెలుసు?"

"అరుపు ఇంటే తెలిసిందమ్మా. నన్నోసారి పెట్టనీయండి."

దిక్కు తోచక మెర్సీ తల ఊపింది.

ముసలామె ముళ్ళు తీసి, అరచేతిలో చేపని మెత్తగా చిదిమి, ఊచల్లోంచి చెయ్యి చాపింది. ఏది పెట్టినా మూతి తిప్పుకున్న పిల్లి, ఆ అరచెయ్యి నాకి నాకి తినేసింది.

చేప వాసనకి ఏ పిల్లయినా వస్తుందిలే అనుకుంది మెర్సీ.

అప్పటినుంచి ముసలామె రెండు పూటలా వచ్చేది. ఆమె పెట్టేది, మెర్సీ సూది వేసేది.

గేటు మాత్రం తెరవలేదు. పేరు అడగలేదు. చదువుకున్న చెయ్యికి గొళ్ళెం తియ్యడమంటే ఎప్పుడూ బద్ధకమే.

డాక్టరు సంతకం పెట్టాడు.

ఆ రోజు మెర్సీ ఓ పాత చీర తెచ్చి ఊచల్లోంచి ఇవ్వబోయింది.

"వద్దమ్మా. దాన్నోసారి ఒళ్ళో ఎట్టుకోనా?"

"వద్దు. ప్రయాణం ముందు ఏ ఇన్‌ఫెక్షనో అంటుకుంటే కష్టం."

"ఆయ్, నిజమేనమ్మా."

ముసలామె చెంగుతో చేతులు తుడుచుకుంటూ లేచింది. ఆ చేతులు శుభ్రంగానే ఉన్నాయి.

ప్రయాణం రోజు పిల్లి బుట్టతో ఆటో ఎక్కుతుంటే, సందు మొదట్లో ఆమె కనబడింది. సూర్యకళ కయ్యిమంది.

"బయల్దేరేటప్పుడు ఎదురొస్తావేంటే? మొగుడు పోయినదానివి, ఆ మాత్రం తెలీదా? పక్కకి పో!"

ముసలామె గబగబా గోడ చాటుకి తప్పుకుంది.

ఎదురూ శకునమూ మెర్సీ నమ్మదు. చర్చిలో పెరిగిన పిల్ల.

ఆ నమ్మని మనిషి నోరు కూడా మెదపలేదు.

ఆటో కదిలింది. బుట్టలో రూతు ఆ గోడ వైపే తిరిగి, రైల్వేస్టేషన్ దాకా అరుస్తూనే ఉంది.

జర్మనీలో ఓ గది. కిటికీ అవతల మంచు. పలకరించే దిక్కు లేదు. మెర్సీ రోజంతా పరాయి భాషలో రోగుల్ని పలకరించి వచ్చి, గదిలో రూతుతో తెలుగు మాట్లాడేది.

రూతు మళ్ళీ తిండి మానేసింది.

డబ్బా తిండి పెట్టింది. ముట్టలేదు. చేప కొని ఉప్పు లేకుండా ఉడికించి, అరచేతిలో చిదిమి పెట్టింది. రూతు వాసన చూసి, వెళ్ళి తలుపు దగ్గర కూర్చుంది.

ఇన్సులిన్ సిరంజి చేతిలో పట్టుకునే మెర్సీ సూర్యకళకి ఫోన్ చేసింది.

"ఆ చేపలావిడ వస్తోందా అండి? ఓసారి ఫోన్ ఇవ్వండి. గొంతు వింటే తింటుందేమో."

"ఎవరు, పెద్దింట్లమ్మా? మీరెళ్ళాక కూడా రోజూ వచ్చేదండి, పిల్లి తింటోందా అని అడగడానికి. నాకేం తెలుసు అంటే పోయేది. మొన్న పంటు పడవెక్కి గోదారి దాటి వెళ్ళిపోయింది. ఏ ఊరో తెలీదు. ఫోనూ లేదు."

"అసలు ఆవిడకి నా పిల్లితో ఏంటండీ?"

సూర్యకళ గొంతు తగ్గించింది.

"వెళ్ళేటప్పుడు చెప్పిందండి. కళ్ళు తెరవని కూనని గుడ్డ ముంచి పాలు పట్టి పెంచింది ఆవిడేనట. తెగ నీళ్ళు తాగేస్తా చిక్కిపోతుంటే, నర్సమ్మ చేతిలో అయితే బతుకుద్దని, ఏడుస్తా తెచ్చి మీ గేటు లోపల వదిలెళ్ళిందట."