కదలని నీళ్ళు

పరుపు ఊగడంతో మెలకువ వచ్చి, "మళ్ళీ మొదలైంది!" అని పళ్ళు కొరికింది చిహారు.

భూకంపంలో ఇల్లు కూలి రెండేళ్ళయినా ఒంట్లో ఆ ఊపు ఆగలేదు. ఈ రేకుల గదుల్లో ఉంటున్న అందరిదీ అదే బాధ. అందుకే పడుకునేముందు అందరూ కిటికీ గట్టుమీద గ్లాసుతో నీళ్ళు పెట్టుకుంటారు. నీళ్ళు కదిలితే ఊగేది భూమి. కదలకపోతే ఊగేది మనిషే. అది డాక్టరమ్మ నేర్పిన ఉపాయం.

అల్మరాలో పింగాణీ గిన్నెలు గలగలమన్నాయి. అవీ రోజూ మోగుతాయి, ఆమె చెవుల్లో మాత్రమే. విసుగ్గా టార్చి వేసి చూసింది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

పల్చటి గోడ అవతలనుంచి సుగవారా పెద్దమ్మ కేక వేసింది. "ఏమే పిల్లా, ఊగుతోందే! నాకు కళ్ళు ఆనవు, నీ గ్లాసు ఏమంటోందో చూడు!"

"ఏమీ అనట్లేదు. రోజూ నీతో ఇదే గోల!"

"బయటికి పోదామే..."

"ఈ మంచులోనా? పిచ్చి మనకి పెద్దమ్మా, భూమికి కాదు. నోరు మూసుకుని పడుకో!"

అవతల దుప్పటి సర్దుకున్న చప్పుడయింది.

అరిచి అరిచి గొంతు ఎండింది. కిరోసిన్ కలిసొస్తుందని హీటరు ఆర్పిన గదిలో, చలికి వణుకుతూ చిహారు గ్లాసెత్తి నోట్లో వంచుకుంది. చుక్క రాలేదు. పూర్తిగా బోర్లించింది. పెదవులకు మంచుగడ్డ తగిలింది.

గిన్నెలు ఇంకా మోగుతూనే ఉన్నాయి.

"పెద్దమ్మా! లే!" అంటూ రెండు చేతులతో గోడ బాదింది.

రెండేళ్ళలో మొదటిసారి, అవతల పెద్దమ్మ నిశ్చింతగా గురక పెడుతోంది.