చీటీ ఉందా?

“డాక్టరు చీటీ ఉందా అమ్మాయ్?”

మెడికల్ షాపు కౌంటరుకు అడ్డంగా నిలబడి అడిగాడు పెద్దాయన. కుట్టుపని చేసే ఆ అమ్మాయి ఎడమకన్ను చింతనిప్పులా ఉంది.

“లేదు తాతగారూ. పోయినసారి ఇవే కంటిచుక్కలు వేసుకున్నా. రెండ్రోజుల్లో ఎరుపు పోయింది.”

“పోతుంది. అది స్టెరాయిడ్ మరి! లోపల వైరస్ ఉంటే మాత్రం దానికి పండగే. పైకి కన్ను తెల్లగానే ఉంటుంది, లోపల నల్లగుడ్డు మీద పుండు పెరుగుతుంది. డాక్టరు చూడకుండా వెయ్యొద్దు.”

షాపు యజమానికి ఒళ్లు మండింది. ఆర్నెల్ల క్రితం షాపు తీసుకున్నప్పటి నుంచీ ఈ పీడ వదలడం లేదు. పొద్దున్నే తయారు! చీటీ తాత అని పేరు కూడా పెట్టాడు. అరవై దాటిన మనిషిని మెడపట్టి గెంటలేక ఊరుకుంటున్నాడు.

“పక్కకు జరుగు తాతా,” అంటూ వెనక్కి తిరిగాడు.

“పై అరలో మూడో డబ్బాయేగా? తియ్యకు.”

“నా షాపులో ఏది ఎక్కడుందో నీకెందుకు?” అని అరిచి, ఫోన్ తీశాడు.

కానిస్టేబుల్ వచ్చేసరికి జనం పోగయ్యారు. తాత రెండు చేతులతో కౌంటరును పట్టుకుని నిలబడ్డాడు.

“స్టేషనుకు పదండి పెద్దాయనా.”

“వస్తాను. రేపు పొద్దున మళ్లీ ఇక్కడికే వస్తాను. ఎల్లుండీ వస్తాను. ఎన్నిసార్లు తీసుకెళ్తారో తీసుకెళ్లండి.”

“ఎందుకొచ్చిన గొడవ, డాక్టరు దగ్గరికే వెళ్తాలెండి,” అంటూ ఆ అమ్మాయి మెట్లు దిగిపోయింది. తాత మొహం విప్పారింది.

“చూశారా సార్! రోజూ ఇదే వరస,” తల బాదుకున్నాడు యజమాని.

కానిస్టేబుల్ తాతను తేరిపార చూశాడు. “మీ కళ్లు బాగానే ఉన్నాయిగా?”

“నా కళ్లకేం? పోయింది మా అమ్మాయి కన్ను. అప్పటికి పన్నెండేళ్ల పిల్ల. ఎర్రబడినప్పుడల్లా ఇవే చుక్కలు. పదిహేనేళ్లయింది.”

“ఈ షాపులోవేనా?”

“ఈ కౌంటరు మీదే ఇచ్చారు.”

“నేను కాదు సార్! నేనొచ్చి ఆర్నెల్లే!” యజమాని కంగారుపడ్డాడు.

“నువ్వాగవయ్యా,” అని కసిరాడు కానిస్టేబుల్. “పెద్దాయనా, చీటీ లేకుండా ఇచ్చినవాణ్ణి అప్పుడే పట్టుకోవాల్సింది. ఎవడు వాడు?”

“నేనేనండీ, అప్పట్లో ఈ షాపు నాదే,” అన్నాడు చీటీ తాత.