ఒక్క చుట్టు

పెళ్లికూతుర్ని ఎత్తుకుపోవడం ఆ కొండ ఊళ్లలో పాత సరదా.

నాట్యం చేస్తూనే ఒకడు ఆమెను గుమ్మం దాకా తిప్పుకుపోతాడు. ఆపైన స్నేహితులంతా కలిసి పక్క ఊరి సత్రంలో బీరు ముందు కూర్చోబెడతారు. పెళ్లికొడుకు వెతుక్కుంటూ వెళ్లి, వాళ్లు తాగినదంతా కట్టి విడిపించుకోవాలి.

నోట్‌బుర్గాకు ఆ సరదా అంటేనే వణుకు. కూతురు వెరోనికాకు గుండె మార్చి కొన్నేళ్లయింది. ఇప్పటికీ పిల్ల మెట్లెక్కుతుంటే తల్లి ఊపిరి బిగబట్టి చూస్తుంది.

అందుకే పెళ్లి భోజనాలు కాగానే గుమ్మం పక్కనే కుర్చీ వేసుకుంది.

ఎవరో ముసలాయన లోపలికొచ్చాడు. పాత ఉన్నికోటు, చేతిలో టోపీ. ఎవరూ పిలిచిన మనిషి కాదు. నేరుగా వెరోనికా దగ్గరకెళ్లి, తనతో వాల్జర్ అనే జంట నాట్యం ఒకటి ఆడమని అడిగాడు.

అడిగినవాళ్లను పెళ్లికూతురు కాదనకూడదు. వెరోనికా నవ్వుతూ లేచింది.

నోట్‌బుర్గా చేతులు చాచి మధ్యలోకొచ్చి నిలబడింది.

"నిన్నెవరు పంపారు పెద్దాయనా? ఆ బీరుపీపా కుర్రాళ్లేనా?"

"ఎవరూ పంపలేదమ్మా. ఒక్క చుట్టు. పేరులోనే ఉంది కదా, వాల్జర్ అంటే తిరగడమే. ఎక్కడ చెయ్యి పట్టుకున్నానో తిరిగి అక్కడికే తెచ్చి వదిలేస్తాను."

"దొంగలంతా మొదట ఒక్క చుట్టే అంటారు."

హాలంతా గొల్లున నవ్వింది. ముసలాడికి పెళ్లికూతురు కావాలట అని ఎవరో అందుకున్నారు. పోనీలే అమ్మా అని వెరోనికా గొణిగింది. తల్లి కదల్లేదు.

ముసలాయన చాచిన చేతిని వెనక్కి తీసుకున్నాడు. ఏదో వినాలన్నట్టు తల పక్కకు వంచి ఒక్క క్షణం నిలబడ్డాడు. బ్యాండు మోతలో ఏం వినబడుతుంది? టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

పెళ్లి జరుగుతున్న ఆ సత్రం యజమానురాలు రోస్ల్ సూప్ గిన్నెతో వచ్చింది.

"ఎగిడ్ వెళ్లిపోయాడా? పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు."

"నీకు తెలుసా ఆయన?"

"కొండ అవతలి ఊరాయన. ఒక్కతే కూతురు. మోటారు సైకిల్ మీంచి పడి చనిపోయింది."

"ఎప్పుడు?"

రోస్ల్ గిన్నె బల్లమీద పెట్టింది.

"నీ పిల్లకు ఆస్పత్రి నుంచి కబురొచ్చిందే అక్కా, ఆ రోజే."

నోట్‌బుర్గా రోడ్డు మీదికి పరుగెత్తింది. ఆయన ఎక్కిన బస్సు అప్పటికే మలుపు తిరిగిపోయింది. లోపల బ్యాండు మళ్లీ వాల్జర్ అందుకుంది. ఇందాక ఆయనకు అడ్డంగా చాచిన తన చేతుల వంక ఆమె చూడలేకపోయింది.

వెనకాలే వచ్చిన రోస్ల్ మెల్లగా అంది:

"ఎవరిది ఎవరికి పెట్టారో ఆస్పత్రివాళ్లు చెప్పరట. ఆయనే రోజులు కలుపుకుని చూసుకున్నాడు. వాల్జర్‌లో దగ్గరగా నిలబడతారు కదా రోస్ల్, నా పిల్ల గుండె చప్పుడు ఒక్కసారి వినబడుతుందేమో అన్నాడు పొద్దున."