కప్పలు ఊరుకున్నాయి

కప్పల అరుపులు రికార్డు చేసి పంపమని విశ్వవిద్యాలయ ప్రకృతి పరిశోధన కేంద్రం ఊరివాళ్లను కోరింది. దర్జీ రోజూ చీకటిపడ్డాక చెరువు గట్టున కూర్చుని పంపేవాడు. ఆ రాత్రి అతను గట్టు మీద ఉండగానే కేంద్రం నుంచి పరిశోధకురాలు ఫోన్ చేసింది.

“బాబాయ్, అలికిడైతే కప్పలు ఊరుకుంటాయి కదా. మీరు కూర్చున్న కాసేపటికి రోజూ ఊరుకుంటున్నాయి. మీ వెంట ఎవరొస్తున్నారు?”

“మా ఆవిడే రానంటుంది తల్లీ, ఇంకెవరొస్తారు?” అని నవ్వాడు.

అవతలి గట్టున బెకబెకలు ఆగిపోయాయి. టార్చి వేసి చూస్తే ఎవరూ లేరు. తర్వాత చెరువు నడిమధ్య తామరాకుల మీది కప్పలు ఊరుకున్నాయి. అక్కడ నిలువులోతు నీళ్లు. చిన్న అల కూడా లేదు. దర్జీ కదలకుండా ఫోన్ చెవికి నొక్కుకున్నాడు.

అతని పాదాల దగ్గరి కప్పలూ ఊరుకున్నాయి.

“బాబాయ్, అంత నిశ్శబ్దంగా ఉందేంటి?”

“ఫోన్ పెట్టెయ్యకు తల్లీ,” అన్నాడు.