మడత విప్పని చీటీ

“చీటీ పైకెత్తి పట్టుకో, ఎమ్లిన్. మడత విప్పావో, రేపట్నుంచి గనిలోకి రానక్కర్లేదు.”

మేస్త్రీ బెడో పసుపు ఓటు చీటీ చేతిలో పెట్టాడు. రోజూ తిట్లతో గని హోరెత్తించే మనిషి ఇవాళ ఆ రెండు ముక్కలతో నోరు మూసుకున్నాడు.

ఆ రోజుల్లో ఓటు చీటీలు పార్టీలే అచ్చు వేయించేవి; ఈ పసుపు చీటీ కంపెనీ బలపరిచే పార్టీది. ఒహాయో రాష్ట్ర అటార్నీ జనరల్, అంటే ప్రభుత్వ పెద్ద వకీలు పదవికి అందులో ఉన్న పేరు స్టైల్స్, కంపెనీ మనిషి. గని కూలినప్పుడు చనిపోయినవాళ్ల తరఫున కంపెనీని కోర్టుకీడుస్తానన్నవాడు లౌరీ. లౌరీ పేరున్న జిగురు కాగితం ఎమ్లిన్ టోపీలో దాగి ఉంది. దాన్ని నాకి స్టైల్స్ పేరు మీద అంటిస్తే ఓటు లౌరీకి పడుతుంది. ఎమ్లిన్ తమ్ముడూ, బెడో కొడుకూ ఆ రోజే గనిలో పోయారు. అయినా బెడో కంపెనీ మాటే వింటాడు. దానికే ఎమ్లిన్‌కు ఒళ్లు మండుతుంది.

ఓట్లు వేసే గది గుమ్మంలో కంపెనీ సూపరింటెండెంటు ట్రాస్క్ అందరి చేతులూ గమనిస్తున్నాడు.

“తల దురదగా ఉందండీ. టోపీ ఒక్కసారి తీస్తాను,” అన్నాడు ఎమ్లిన్.

“పెట్టెలో వేశాక తీరిగ్గా గోక్కో,” అన్నాడు ట్రాస్క్.

వరసలో వెనకున్న తోటి గని కూలీ ప్రైస్ గొణిగాడు. “ఊరుకోరా. కంపెనీ ఇల్లు ఖాళీ చేయిస్తే పిల్లల్ని ఎక్కడ పడుకోబెడతావు? నడు.”

వరస ముందుకు తోసింది. బెడో చెయ్యి భుజం మీద బరువుగా పడింది. ఎటూ తప్పుకునే దారి లేదు. చీటీ పెట్టెలో పడిపోయింది. తమ్ముణ్ణి తన చేత్తో మళ్లీ పాతిపెట్టినట్టనిపించి ఎమ్లిన్‌కు ఏడుపొచ్చింది.

పొద్దు వాలుతుండగా లెక్క మొదలైంది. గుమస్తా ఒక పసుపు చీటీ విప్పి కళ్లద్దాలు సర్దుకున్నాడు.

“అటార్నీ జనరల్... లౌరీ.”

ఇంకోటి విప్పాడు. “లౌరీ.” ఆ తర్వాతదీ లౌరీయే.

ట్రాస్క్ కుర్చీలోంచి లేచాడు. “ఎవడ్రా అంటించింది? ఒక్కణ్ణీ చెయ్యి దించనివ్వలేదు కదా?”

ఎమ్లిన్ కంగారుగా టోపీ తడుముకున్నాడు. తన జిగురు కాగితం అక్కడే ఉంది.

ఆ గోలలో ఎవరో మోచెయ్యి తట్టారు. తిరిగి చూస్తే బెడో.

“కాసిని మంచినీళ్లుంటే పొయ్యి, అబ్బాయ్,” అన్నాడు నాలుక తిరగక. “రాత్రంతా జిగురు నాకుతూ కూర్చున్నాను.”