లోపలికి, బయటికి

పసుపు గోదాం మీది గదిలో బౌద్ధ ధ్యానం నేర్పడం ఆ రోజుతో మానేద్దామనుకున్నాను. ఆర్మూర్‌లో పదేళ్లు నేర్పినా ఒక్కరూ నిలవలేదు. ఆ ఆదివారం వచ్చింది బీడీలు చేసే శాయవ్వ ఒక్కతే. అదీ మొదటిసారి.

"ఊపిరి లోపలికి వచ్చుడు, బయటికి పోవుడు చూస్కుంట కూసో అవ్వా. గంతే" అన్నాను.

గంటసేపు ఆమె కదల్లేదు. నేనే రెండుసార్లు కాలు మార్చుకున్నాను.

అలారం మోగాక అడిగాను. "మోకాళ్లు నొయ్యలేదా?"

"నలభై ఏండ్లు బీడీల చాట ఒళ్లె పెట్టుకొని కూసున్న సారూ. గిదేం కొత్త?"

"మనసు పక్కకు పోలేదా?"

"ఎట్ల పోతది? మా ఆయన మంచంల పడ్డంక మూడేండ్లు నాకు గిదే పని. ఊపిరి వచ్చుడు, పోవుడు చూసుడే."

ఇన్నాళ్లకు ఒక శిష్యురాలు దొరికిందని పొంగిపోయాను. "అయితే నీ ఊపిరి నీకు సులువుగ దొరికి ఉంటది."

శాయవ్వ నా వైపు వింతగా చూసింది.

"నాది చూడాల్నా సారూ? ఆయన ఆఖరుకు బయటికి ఇడిసిన ఊపిరి మళ్ల లోపటికి వస్తదేమోనని చూస్తున్న. ఆయన పోయి ఐదేండ్లాయె."

మరో గంటకు అలారం పెట్టి ఆమె పక్కన కూర్చున్నాను.

ఈసారి ఇద్దరం చూశాం.