మూడు క్యారమెల్ కేకులు

"నాలుగో అభియోగం. క్యారమెల్ కేకులు, మూడు," అని చదివి కాలేజీ ఆటల కమిటీ అధ్యక్షుడు కళ్ళజోడు పైనుంచి చూశాడు. "ఏటా ఒకటి. సరిగ్గా ఫిబ్రవరి తొమ్మిదిన."

కోచ్ ప్రూయిట్‌కి తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఒక్క నిబంధనా తప్పని మనిషి, అట్లాంటాలో ఓ హోటల్ హాల్లో కూర్చుని కేకుల గురించి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. మొదటి మూడు అభియోగాలూ ఆ తీరువే. ఒక చలికోటు, ఆదివారం భోజనాలు, పన్ను నొప్పికి డాక్టరు దగ్గరికి కారులో తీసుకెళ్ళడం. బెథెల్ క్రీక్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు బట్టలుతికే వెర్లీన్ గెయిన్స్, క్విన్సీ టేట్ అనే ఆటగాడికి చేసిన ఉపకారాలివి. కాలేజీ ఉద్యోగులు ఆటగాళ్ళకి ఏదీ ఊరికే ఇవ్వకూడదు. ఇచ్చినందుకు క్విన్సీని ఆఖరి సీజనంతా నిషేధించారు, జట్టుని ఏడాదిపాటు ప్లేఆఫ్స్‌కి దూరం పెట్టారు.

గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తారంటూ కోచ్ అప్పీలు చేశాడు. ఆయన బెంగ జట్టు గురించి కాదు. ఈ సీజను ఆడకపోతే క్విన్సీని పెద్ద జట్లవాళ్ళు కన్నెత్తి చూడరు. తల్లి పోయింది, నా అన్నవాళ్ళు లేరు. వాడికున్నదల్లా ఆ ఆటే.

ఇచ్చినవాళ్ళు రక్తసంబంధీకులైతే తప్పు లేదని నిబంధనల్లో ఒక మినహాయింపు ఉందనీ, అది మనకి పనికిరాదనీ కాలేజీ లాయరు పొద్దున్నే పెదవి విరిచింది. ఆ మాట అన్నప్పుడు వెర్లీన్ పక్కనే కూర్చుని ఉంది.

ఆమెని పిలిచారు. అరవై మూడేళ్ళ మనిషి, చర్చికి పెట్టుకునే ఊదారంగు టోపీ సర్దుకుని నిలబడింది.

"క్విన్సీకి మీరేమవుతారు?"

"మామ్మని."

కమిటీవాళ్ళు నవ్వారు. జట్టులో డెబ్బైమంది కుర్రాళ్ళూ ఆమెని మామ్మా అనే పిలుస్తారు. మిసిసిపీలో కడుపునిండా పెట్టే ప్రతి పెద్దావిడా ఊరందరికీ మామ్మే.

"అది పిలుపండీ. నేనడిగేది చుట్టరికం," అన్నాడు అధ్యక్షుడు.

"నేనూ చుట్టరికమే చెప్తున్నానయ్యా."

నవ్వులు ఆగిపోయాయి. వారంలోగా రుజువు పంపమని చెప్పి కమిటీ లేచింది. బయట బెంచీ మీద కూర్చున్న క్విన్సీకి ఇదేమీ తెలియదు.

"లోపల నేనన్న మాట వాడి చెవిన వెయ్యకండి, కోచ్‌గారూ," అంది వెర్లీన్ వ్యాను ఎక్కుతూ. సిగ్గుపడుతోంది పాపం అనుకున్నాడాయన.

దారి పొడుగునా ఆ మాటే ఆయన్ని తొలిచింది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది ఏ మూలా అతకదు. క్విన్సీది మెంఫిస్, ఈమె బెథెల్ క్రీక్ పొలిమేర దాటి ఉద్యోగం చేసింది లేదు. వెనక సీట్లో క్విన్సీ ఆ చలికోటునే తలకింద పెట్టుకుని నిద్రపోతున్నాడు. మూడు పెద్ద కాలేజీలు రమ్మన్నా వాడు ఈ చిన్న కాలేజీకే వచ్చాడు. ఎందుకని అడిగితే, పోయేముందు అమ్మ ఇక్కడికే వెళ్ళమందన్నాడు. తన పేరు మెంఫిస్ దాకా పాకిందని కోచ్ ఆ రోజు మురిసిపోయాడు కూడా.

మర్నాడు పొద్దున అప్పీలు వెనక్కి తీసుకుంటున్నట్టు ఉత్తరం రాసుకుని, ఆ సంగతి ఆమెకి ముందే చెప్పడం మర్యాదని బట్టలుతికే గదికి వెళ్ళాడు. వెర్లీన్ వేడి వేడి జెర్సీలు మడతపెడుతోంది. క్విన్సీ జెర్సీ, ఇరవై రెండో నంబరుది, అన్నిటికంటే పైన ఉంది.

"మిస్ వెర్లీన్, మీరు వాడి మంచికే అన్నారు. కానీ అబద్ధం మీద గెలిచిన సీజను వాడికొద్దు. నాకూ వద్దు."

ఆమె మడత ఆపలేదు. "ఆ కేకు దేనికోసమని మూడేళ్ళనుంచీ అడుగుతున్నారు కదా. ఇవాళ చెప్పనా?"

"చెప్పండి."

"నా కూతురి పుట్టినరోజుకి. అప్పుడు నాకు పదిహేడేళ్ళు. పరువు పోతుందని మా నాన్న నన్ను మెంఫిస్‌లో చర్చివాళ్ళ ఆశ్రమానికి పంపాడు. పాప మూడు రోజులు నా దగ్గరుంది. పేరు కూడా పెట్టనివ్వలేదు. ఎవరికో ఇచ్చేశారు." జెర్సీని అరచేత్తో సాపు చేసింది. "కన్నతల్లే వదిలేసిందని తెలిస్తే ఎవరికైనా కోపం రాదూ?"

కోచ్ పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. బిడ్డని పోగొట్టుకున్న తల్లి, తల్లిని పోగొట్టుకున్న కుర్రాడు. ఒకరి లోటు ఒకరిలో వెతుక్కున్నారు. ఈ మాట కమిటీలో చెప్పి ఉంటే వాళ్ళూ కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళేమో. మొదటి ఏడు ఆ కేకు ముక్క నోట్లో పెట్టుకుని క్విన్సీ ఎందుకో కళ్ళు తుడుచుకోవడం ఆయనకి గుర్తొచ్చింది. ఇంటిమీద బెంగనుకున్నాడప్పుడు.

"నాకు అర్థమైంది," అన్నాడు మెల్లిగా. "కానీ ప్రేమ రక్తసంబంధం కాదు కదమ్మా. నిబంధనకి అది చాలదు."

"మీకేది న్యాయమనిపిస్తే అది చెయ్యండి," అంది వెర్లీన్. "వాడికి మాత్రం నా నోటితో నేను చెప్పలేను."

ఆయన బరువుగా తన గదికి తిరిగొచ్చాడు. ఉత్తరంలో ఒక్క ఖాళీ మిగిలింది, క్విన్సీ రోల్ నంబరు. బీరువాలోంచి వాడి ఫైలు తీసి, మూడేళ్ళలో మొదటిసారి తెరిచాడు. పైనే కాలేజీలో చేరేటప్పుడు వాడు సొంత దస్తూరీతో నింపిన కాగితం ఉంది. రోల్ నంబరు కోసం వేలు పెట్టి ఒక్కో వరుసా దిగుతూ వచ్చాడు. తండ్రి పేరు దగ్గర గీత. తల్లి డెనీస్ టేట్, మరణించారు. తల్లి పుట్టిన ఊరు, మెంఫిస్.

తల్లి పుట్టిన తేదీ, ఫిబ్రవరి తొమ్మిది.